పక్క సీటు బ్రేకు

ఫిబ్రవరి 8, శనివారం

చెప్పేశాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర, రెండో ముద్ద నోట్లోకి వెళ్తుండగా. బస్సు డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే స్కూల్లో నాకు ఉద్యోగం వచ్చింది, ఊరు వేరు, మార్చిలో చేరాలి, నేనొక్కదాన్నే వెళ్తున్నాను, తిరిగి రాను. అద్దం ముందు నిలబడి బట్టీ పట్టిన మాటలు. ఒక్కటీ తడబడలేదు.

ఆయన ముద్ద నమిలాడు. మింగాడు. నీళ్లు తాగాడు. "రెండు నెలల్లో తిరిగొస్తావు," అన్నాడు.

ఎందుకు వెళ్తున్నావని అడగలేదు. వద్దని కూడా అనలేదు. మేమిద్దరం నడిపే డ్రైవింగ్ స్కూల్లో, మొదటి పాఠం అయ్యాక లర్నర్ల గురించి తేల్చిచెప్పే గొంతే అది. ఈమెకు రివర్సు రాదు, వీడు మూడోసారికి పాసవుతాడు, నువ్వు రెండు నెలల్లో తిరిగొస్తావు. తర్వాత చెయ్యి కడుక్కుని పాఠం చెప్పడానికి వెళ్లిపోయాడు.

నేర్పే కార్లో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు దేన్నైనా గుద్దబోతే మేం తొక్కడానికి. పెళ్లయిన కొత్తలో ఒప్పందం చేసుకున్నాం, నేను నడిపేటప్పుడు ఆయన కాళ్లు రెండూ సీటు మీదికి మడుచుకుని కూర్చోవాలని. ఒక్కరోజైనా అలా కూర్చున్న పాపాన పోలేదు. కాలు నేల మీదే ఉందంటాడు. కారు మాత్రం ఆగిపోతుంది. ఇంట్లో పెడలు లేదు కాబట్టి నోటితో తొక్కుతాడు. బట్టల కొట్లో నేనొక రంగు చూపిస్తే, మా అక్కతో ఫోన్లో ఒక కబురు మొదలుపెడితే, చివరికి ఉప్పు డబ్బా మీద చెయ్యి వేస్తే కూడా. మాకు పిల్లలు లేరు, రెండు కార్లున్నాయి. అందులో ఒకటి నాకిచ్చాడని వీధి వీధంతా నన్ను అదృష్టవంతురాలంటుంది.

ఇకనుంచి ఈ డైరీలో 'ఆయన' లేడు. అతను.

ఫిబ్రవరి 11

ఆస్పత్రి. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీ. చేసంచిలో డైరీ ఉండిపోయింది.

మెదడులో ఒక రక్తనాళం మీద చిన్న బుడగ ఉందట. ఎన్నాళ్లుగా ఉందో తెలియదట. ఈ పొద్దున అది పగిలి మెదడు చుట్టూ రక్తం పరుచుకుంది. ఆ సమయానికి స్టీరింగు పట్టుకున్నది కుదుపమ్మ. బ్యాంకులో పనిచేసే అమ్మాయి. క్లచ్చి వదిలిందంటే కారు కప్పలా గెంతుతుంది, అందుకని మేమిద్దరం చాటుగా పెట్టుకున్న పేరు. ఏడుస్తూ చెప్పింది. కూడలి దగ్గర మాస్టారు "ఎవరో తలమీద కొట్టారు" అన్నారట, వెనక్కి తిరిగి చూశారట, వెనక ఎవరూ లేరట. ఎదురుగా స్కూలు వ్యాను అడ్డం తిరుగుతోంది. ఈ పిల్ల కంగారులో బ్రేకు సంగతే మరిచిపోయింది. అయినా కారు ఆగింది. చూస్తే మాస్టారి తల వాలిపోయి ఉంది, కాలు మాత్రం బ్రేకు మీద బిగుసుకుని ఉంది.

సాయంత్రానికి ఈ కథ నాకంటే ముందు అందరికీ చేరింది. ప్రాణం మీదికి వచ్చినా పసిపిల్లల్ని కాపాడాడట. నర్సు నా చెయ్యి పట్టుకుని అదే చెప్పింది, కళ్లు తుడుచుకుంది కూడా. అసలు అతను బ్రేకు మీదనుంచి కాలు ఎప్పుడు తీశాడు గనక.

డ్యూటీ డాక్టరు స్కాను చూసి పెదవి విరిచాడు. ఇలాంటి రోగుల్ని ఐదు మెట్లుగా చూస్తారట, ఒకటి తేలిక, ఐదు మరీ కష్టం. ఇతనిది నాలుగు. "పెద్దగా ఆశలు పెట్టుకోకండి," అన్నాడు, నడుస్తూనే. ఎంత పనికిరాని లర్నరుకైనా నేను కారు ఆపి, దిగి, ఎదురుగా నిలబడి చెబుతాను.

ఫిబ్రవరి 12

తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, దాన్ని మెదడు దాకా పోనిచ్చి, పగిలిన బుడగలో తీగచుట్టలు నింపి మూసేశారు. అది మళ్లీ పగిలే భయం బాగా తగ్గిందట. చేసినామెది చిన్న వయసు, పెద్ద కళ్లజోడు. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆమెలో నాకు నచ్చింది అదొక్కటే.

కోలుకుంటాడా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేం అంది. నడుస్తాడా? చెప్పలేం. మాట్లాడతాడా, మనుషుల్ని గుర్తుపడతాడా, తన పని తను చేసుకోగలడా? చెప్పలేం, చెప్పలేం, చెప్పలేం. ఇంత చదువూ చదివి నేర్చుకున్నది ఈ ఒక్క మాటా?

నేనైతే చెప్పగలను. కారు తలుపు ఎలా తీస్తారో, కూర్చోగానే అద్దంలో రోడ్డు చూసుకుంటారో ముఖం చూసుకుంటారో, అది చాలు నాకు. మొదటి పాఠంలోనే ఎవరు పాసవుతారో తెలిసిపోతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు. కళ్లజోడుకి ఆ మాటే చెప్పాను. ఆసక్తిగా విన్నట్టు తల ఊపింది.

ఫిబ్రవరి 13

చెప్పలేం.

ఫిబ్రవరి 15

ఆడపడుచు దిగింది. అతని అక్క, రిటైరైన లెక్కల టీచరు. ఒక చేతిలో సంచి, నోట్లో "నూటికి ఎంత?" తమ్ముడి ముఖం చూడకముందే కళ్లజోడుని వరండాలో నిలబెట్టి అదే అడిగింది.

కళ్లజోడు ఓపికగా చెప్పింది. రోగి వయసు, వచ్చిన రోజు స్పృహ ఎంత ఉంది, రక్తం ఎంత పరుచుకుంది, బుడగ ఎంత పెద్దది, ఇవన్నీ కలిపి లెక్క కడితే ఒక అంకె వస్తుంది. కాని అది ఇలాంటి వందమంది అంకె, మీ తమ్ముడొక్కడి అంకె కాదు అని. దానికి వదిన, "ఆ వందమందిలో మావాడు లేడా?" అంది. ఆమె కోడలుగా వెళ్లిన ఇల్లు దద్దరిల్లినట్టే ఆస్పత్రీ దద్దరిల్లింది. మొదటిసారి నేను వదిన పక్షాన నిలబడ్డాను.

ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. కుర్చీలో కూర్చుని నా వైపు తిరిగి, వాడికి బీపీ పెరిగేలా ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది. ఏమీ జరగలేదన్నాను. ఏం జరిగింది గనక. భోజనం చేశాం.

ఫిబ్రవరి 18

నిన్న కాస్త కళ్లు కదిపిన మనిషి ఇవాళ మళ్లీ రాయిలా అయిపోయాడు. కుడి చెయ్యి కదలడం లేదు. రక్తం పరుచుకున్నాక రెండు మూడు వారాల దాకా మెదడు రక్తనాళాలు ముడుచుకుపోయే ప్రమాదం ఉంటుందట, లోపలికి రక్తం సరిగా అందదట. మొదటి దెబ్బకంటే ఈ రెండోదే చాలామందిని ముంచుతుందట. ఇది ముందే తెలుసా అని అడిగాను. రావచ్చని తెలుసు, ఎవరికి వస్తుందో చెప్పలేం అంది.

ఆమె కళ్లజోడు లాగి కిటికీలోంచి పారేయాలనిపించింది.

శిక్షణ స్కూలు ప్రిన్సిపాలు ఫోను చేశాడు. పాపం మంచివాడు. మార్చి బ్యాచికి ఇంకెవరినైనా చూసుకుంటాను, సెప్టెంబరు బ్యాచిదాకా మీ చోటు ఉంచుతాను, ఆపైన నా చేతుల్లో లేదు అన్నాడు.

ఫిబ్రవరి 19

లేవాలి. లేచి నిలబడ్డ మనిషినైతేనే వదిలేసి పోగలను. మంచాన పడ్డవాణ్ణి వదిలేస్తే లోకం దృష్టిలో నేను రాక్షసిని, నా దృష్టిలో కూడా. చచ్చిపోయినవాణ్ణి అసలు వదలడమే కుదరదు. ఫొటో కింద కూర్చుని బతికినంతకాలం ఆ స్కూలు వ్యాను కథ వింటూ ఉండాలి. ఇలా తప్పించుకుంటానంటే ఊరుకోను.

ఫిబ్రవరి 25

చెయ్యి నొక్కమంటే నొక్కాడట. కళ్లజోడు నొక్కమంది, నొక్కాడు. వదిన నొక్కమంది, నొక్కాడు. నేను పట్టుకుంటే నొక్కలేదు. అలిసిపోయి ఉంటాడని నర్సు సర్దిచెప్పింది. అవును, ఇరవై నాలుగు గంటలూ పడుకుంటే ఎవరికైనా అలుపే.

మార్చి 6

మామూలు వార్డుకి మార్చారు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుంటున్నాడు, కుడి చెయ్యి కొంచెం వెనకబడింది. కళ్లజోడు దొరికితే నిలదీశాను. ఒకాయన ఆశ పెట్టుకోవద్దన్నాడు, నువ్వు ఏమీ చెప్పలేనంటావు, ఇద్దరిలో ఎవరు డాక్టరు?

కోపగించుకోలేదు. ఒకప్పుడు నాలుగు, ఐదు మెట్లలో వచ్చినవాళ్లకి ఎలాగూ లాభం లేదని చాలాచోట్ల ఆ బుడగ మూసేవాళ్లే కాదట, కొన్నాళ్లు ఆగి చూద్దామనేవాళ్లట. ఆగితే వాళ్లు పోయేవాళ్లు. పోతారని మేం ముందే అన్నాం కదా అని డాక్టర్లు అనుకునేవాళ్లు. ఇది చెప్పి, నన్నొక మాట అడిగింది. "పాసవరని మీరు మొదటిరోజే అనుకున్నవాళ్లని పరీక్షకి పంపుతారా?"

"ఎందుకు పంపుతాను? ఫీజు దండగ," అన్నాను.

ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో నాకు అర్థం కాలేదు, నచ్చలేదు కూడా. లర్నర్ల సంగతి ఆమెకేం తెలుసు.

మార్చి 20

మాట వచ్చింది. గొంతు అరిగిపోయిన గేరులా ఉంది, అయినా మాటే. మొదట వదినని గుర్తుపట్టాడు, తర్వాత నన్ను. ఏ నెల అంటే జనవరి అన్నాడు. ఈ జబ్బులో ముందు కొన్నాళ్ల సంగతులు చెరిగిపోవడం మామూలేనట.

వదిన కాఫీకి వెళ్లినప్పుడు నెమ్మదిగా అడిగాను, పడిపోయే ముందు శనివారం భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నామో గుర్తుందా అని. కిటికీ వైపు చూస్తూ, "గుర్తులేదు," అన్నాడు.

అయితే మళ్లీ చెప్పాలన్నమాట. మళ్లీ అద్దం ముందు నిలబడి, మళ్లీ బట్టీ పట్టి. ఎంత దర్జాగా తప్పించుకున్నాడు.

ఏప్రిల్ 11

ఇంటికి తెచ్చాం. గోడ పట్టుకుని నడుస్తాడు. రెండు గదులు తిరిగితే సోలిపోతాడు. వదిన ముందుగదిలో తిష్ఠ వేసింది.

ఏప్రిల్ 27

ఏం కూర చెయ్యమంటారంటే "నీ ఇష్టం." టీవీ పెట్టనా, కట్టెయ్యనా? "నీ ఇష్టం." తలుపుకి ఆకుపచ్చ పరదా కట్టాను. అతనికి ఆకుపచ్చ అంటే ఒళ్లు మంట, పెళ్లయినప్పటినుంచీ ఇంట్లోకి రానివ్వలేదు. చూసి, "బాగుంది," అన్నాడు.

వదినకేమో మురిపెం, తమ్ముడు ఎంత నెమ్మదస్తుడయ్యాడో అని. నాకు మాత్రం ఒళ్లంతా కంపరంగా ఉంది. నా మాటలన్నీ చివరిదాకా పోతున్నాయి, ఎక్కడా ఆగడం లేదు, అయిపోయాక ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఇతను కాదు నేను వదిలేద్దామనుకున్న మనిషి. వాణ్ణి తెచ్చి ఇవ్వండి, వాడితో నాకు లెక్క ఉంది.

మే 19

ఫోను మోగింది. శిక్షణ స్కూలు నంబరు చూసి నేను తటపటాయిస్తుంటే, అతను పడక్కుర్చీలోంచి, "తియ్యి, ఎవరో ఏమో," అన్నాడు. పెరట్లోకి వెళ్లి మాట్లాడాను. సెప్టెంబరుకి వస్తారా అంటే వస్తానన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. లోపలికి వస్తే అతను కళ్లు మూసుకుని ఉన్నాడు.

జూన్ 23

కుదుపమ్మ పాసైంది. నాకు చెప్పకుండా తనే వెళ్లి పరీక్షకి కట్టుకుందట, మిఠాయి పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టి కాళ్లకి దండం పెట్టింది. ఆ పిల్ల జన్మలో పాసవదని నేను జనవరిలోనే తేల్చేశాను. ఆ పరీక్ష పెట్టినవాడికి చూపు తక్కువై ఉంటుంది.

అతను మిఠాయి కొరుకుతూ, "నీ లెక్క తప్పిందే," అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు ఎక్కడో చూసిన నవ్వు. ఒక్క క్షణమే, తర్వాత మళ్లీ మిఠాయి ఎవరిది అని అడిగాడు.

జులై 28

ఆస్పత్రిలో చూపించాం. నడక, మాట, చెయ్యి పట్టు, వస్తువుల పేర్లు, వెనకనుంచి ముందుకి నెలల పేర్లు. అన్నీ అయ్యాక కళ్లజోడు బాగా కోలుకున్నారు అంది. ఎంత బాగా అని వదిన. కాగితం ప్రకారమైతే మంచి మార్కులే, మిగతాది ఇంట్లోవాళ్లే చెప్పాలి అంది. బండి నడపొచ్చా అని నేను అడిగాను. అధికారికంగా పరీక్ష పెట్టేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల దగ్గరికి పంపేముందు జనం లేని చోట, రెండు బ్రేకుల కార్లో మీరే పక్కన కూర్చుని చూడండి, మీకంటే బాగా ఎవరు చూస్తారు అంది. మీరు చెప్పిందాన్ని బట్టి నేను రాస్తాను.

అతను నడిపితే స్కూలు నడుస్తుంది. స్కూలు నడిస్తే అతనికి నా అవసరం లేదు. అప్పుడు మళ్లీ భోజనాల దగ్గర కూర్చోబెట్టి చెప్పేసి, సెప్టెంబరుకి పోతాను. ఇంత సులువు లెక్కకి వదిన కూడా అక్కర్లేదు.

ఆగస్టు 9, శనివారం

పాత గోదాముల వెనక ఖాళీ స్థలం. కార్లో కూర్చున్నాడు. సీటు జరుపుకున్నాడు, అద్దంలో రోడ్డు చూసుకున్నాడు, బెల్టు పెట్టుకున్నాడు. నేను పక్క సీట్లో. నెమ్మదిగా కదిలించాడు. నూనె పీపాల మధ్యనుంచి తిప్పాడు, రివర్సు చేశాడు, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా ఎక్కించాడు. కుడి చెయ్యి కొంచెం ఆలస్యం, అంతే.

తిరిగి వస్తుంటే గోదాం మూలనుంచి కుక్క అడ్డం వచ్చింది. అతను చూడలేదు. నేను బ్రేకు తొక్కాను.

ఏమైందన్నాడు. కుక్క అన్నాను. అటూ ఇటూ చూశాడు. "నాకు కనబడలేదే," అన్నాడు. ఇంజను ఆపి, తాళాలు తీసి నా ఒళ్లో పెట్టాడు. "నువ్వు చెప్పాక ఇంకేముంది. నాకింక రాదు." దిగి అటు తిరిగి వచ్చి, నేను స్టీరింగు దగ్గరికి జరిగేదాకా తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆగస్టు 10

వదిన ఏడ్చింది. స్కూలు ఎవరికైనా అప్పజెప్పేద్దామంటోంది. "ఇక అన్నిటికీ నువ్వే దిక్కమ్మా," అని నా తల నిమిరింది. ఇన్నేళ్లలో ఎన్నడూ నిమరని తల.

ఆగస్టు 11

నల్లకుక్క. ఒక చెవి వాలిపోయి ఉంది.

ఆగస్టు 13

కళ్లజోడు చెప్పిందని చూపు పరీక్షకి తీసుకెళ్లాను. గిన్నె లాంటి యంత్రంలో ముఖం పెట్టించి, చుట్టూ చుక్కల్లా లైట్లు వెలిగించారు, కనబడితే బొత్తాం నొక్కాలి. అన్నిటికీ నొక్కాడు. కళ్లజోడు కాగితాలు తిరగేసి, కుక్క ఎటువైపునుంచి వచ్చింది అని అడిగింది. ఎడమవైపు అన్నాను. దగ్గరికి వచ్చేదాకా చూడలేదా? లేదు. పరుగెత్తిందా, నడిచిందా? పరుగెత్తింది.

మా పరీక్షలకి చిక్కని లోపాలు కొన్ని రోడ్డు మీదే బయటపడతాయి, మీ కళ్ల మీద నాకు నమ్మకం ఉంది అంది. బండి వద్దు, మళ్లీ ఏడాది తర్వాత చూద్దాం అని రాసిచ్చింది. ఎప్పుడూ ఏమీ చెప్పలేనిది, నా మాట మీద ఇవాళ చెప్పేసింది. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఒక్క మాట ఎదురాడకుండా.

ప్రిన్సిపాలుకి ఫోను చెయ్యాలి, రానని.

ఆగస్టు 14

చెయ్యలేదు.

ఆగస్టు 16

కుక్క రాలేదు.

నల్లదీ రాలేదు, తెల్లదీ రాలేదు. పోయిన శనివారం స్థలం అంతా ఖాళీగా ఉంది, ఎండ కాస్తోంది. చివరి మలుపు తిప్పి గేరు మార్చాడు, చూడకుండా, ఎప్పటిలాగే. అయిపోయింది, ఇతనికి అన్నీ వచ్చేశాయి, ఇక నేను వెళ్లొచ్చు అనుకున్నాను. ఎదురుగా గేటు దాకా ఏ అడ్డూ లేని రోడ్డు. దాన్ని చూస్తే భయం వేసింది. కాలు దానంతటదే లేచింది. అతను పాసయ్యాడు, నేను ఫెయిలు చేశాను. ఇంతకంటే ఏమీ లేదు.

అతన్ని చూస్తున్నాను. పొద్దున్న షెడ్డులోకి వెళ్లి, కారు పక్కన నిలబడి, తలుపు ముట్టుకోకుండా వచ్చేశాడు.

ఆగస్టు 18, సోమవారం

వదిన గుడ్డలు ఆరేస్తోంది. ఆయన షెడ్డులో కారు అద్దం తుడుస్తున్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఆరోజు కుక్క రాలేదు," అన్నాను.

"తెలుసు."

తుడవడం ఆపలేదు. "నీ మోకాలు లేవడం చూశాను. ఏళ్ల తరబడి ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి, ఆ కాలు ఎందుకు లేస్తుందో నాకు తెలియదా?"

"తెలిస్తే తాళాలు ఎందుకిచ్చారు?"

"బండి నడపలేనివాణ్ణి వదిలేసి నువ్వు పోవు కాబట్టి."

శనివారం భోజనం గుర్తుందా అని అడిగితే, మొదటినుంచీ గుర్తే అన్నాడు. నెలల పేర్లు మరిచిపోయాడు, సొంత ఇంటి వాకిలి మరిచిపోయాడు, అదొక్కటి మాత్రం మరిచిపోలేదట. వార్డులో నేను అడిగినప్పుడే గుర్తుందట. ఆకుపచ్చ పరదా చూస్తే ఇప్పటికీ ఒళ్లు మంటేనట.

అంటే ఆ "నీ ఇష్టం" అంతా నాటకం. ఆ సోలిపోవడంలో సగం నాటకం. నేను పెరట్లో గుసగుసలాడిన ప్రతి ఫోనూ విన్నాడు. నీళ్ల బకెట్టు కనబడింది, తన్నాను. మోసగాడివి అన్నాను, పెళ్లయ్యాక మొదటిసారి నువ్వు అన్నాను. ఆయన గుడ్డ విసిరికొట్టాడు. నేను కుక్కని పుట్టిస్తే నేను మోసగాణ్ణా అని అరిచాడు, నన్ను డాక్టరు దగ్గర గుడ్డివాణ్ణి చేసి కూర్చోబెట్టి నువ్వా మాట్లాడేది అన్నాడు. గొంతులో గరగర లేదు. నా మాట సగంలో ఉండగానే తన మాట వేశాడు, అచ్చం పూర్వంలాగే, నా వాక్యం నడుం విరిగేలా. పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. వదిన తడి గుడ్డతో అలాగే గుమ్మంలో నిలబడిపోయింది.

అరుస్తూ అరుస్తూనే నాకు అర్థమైంది. ఈ మనిషే. నేను వదిలేద్దామనుకున్నది ఈ మనిషినే. వచ్చేశాడు.

ఆగస్టు 19

కళ్లజోడుకి ఫోను చేసి నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా పడేదాన్నే. ఇంట్లో ఇంకేమైనా మార్పు గమనించారా అని అడిగింది.

"అబద్ధం బాగా ఆడుతున్నాడు. నెలల తరబడి, ఎక్కడా దొరక్కుండా, మనిద్దర్నీ బోల్తా కొట్టించాడు," అన్నాను.

దాన్ని రాయడానికి మా కాగితంలో చోటు లేదండీ అంది. గొంతు చూస్తే నవ్వు ఆపుకుంటున్నట్టుంది. పాత కాగితం చింపేసి, పరీక్ష పెట్టేవాళ్ల దగ్గరికి పంపుతానంది. ఆమె మీద నాకున్న కోపం అంతా పోలేదు, కొంచెం ఉంచుకున్నాను.

ఆగస్టు 27

పాసయ్యాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన పరీక్ష పెట్టాడు. పక్క బ్రేకు ఒక్కసారి కూడా తొక్కలేదట.

వదిన నాతో మాట్లాడ్డం లేదు. ఉద్యోగం సంగతి తెలిసింది. నా తల మళ్లీ ఎవరూ నిమరరు.

ఆగస్టు 30, శనివారం. బస్సులో

బస్టాండుకి ఆటోలో పోతానన్నాను. ఆయన వినలేదు, కారు తీశాడు. స్టీరింగు ఆయనది, పక్క సీటు నాది. కూర్చోగానే చెప్పులు విడిచి కాళ్లు రెండూ మడుచుకుని సీటు మీద పెట్టుకున్నాను. ఆయన చూశాడు, గేరు వేశాడు.

కూడలి దగ్గర మలుపు ఆలస్యంగా తిప్పాడు. కుడి చెయ్యి కొంచెం వెనకబడింది కదా. ఎదురుగా లారీ వస్తోంది. నా కాలు కదలలేదని రాయాలనుంది. కదిలింది, మడతలోనే గింజుకుంది, తొక్కడానికి కింద ఏమీ లేదు. ఆయనే ఆపాడు. సమయానికే ఆపాడు.

ఇన్నేళ్ల కోపం పెట్టెలో సర్దుకుని వెళ్తున్నాను, ఒక్కటీ వదిలిపెట్టలేదు. ఆయన పెట్టె దింపి, బస్సు మెట్టు దాకా తెచ్చాడు. రెండు నెలల్లో తిరిగొస్తావు అంటాడని చూశాను. అంటే ఏమనాలో కూడా నిన్ననే అద్దం ముందు బట్టీ పట్టాను. అనలేదు. పెట్టె పిడి వదలకుండా, తలదించుకుని అడిగాడు.

"తిరిగొస్తావా?"

బట్టీ పట్టినవేవీ నోటికి రాలేదు.

"చెప్పలేను," అన్నాను. ఆయన పెట్టె వదిలాడు, నేను ఎక్కాను.